ఇంటికొక చాప

"క్రిస్మస్ ఆరాధనకి వచ్చేటప్పుడు ఇంటికొక చాప తీసుకురండి" అన్నారు పాస్టరు ఆనంద్ పాల్ గారు. ఆయన అడిగింది నేల మీద పరిచే చాప. మేం విన్నది నీళ్ళలో ఈదే చాప.

తప్పు ఎవరిదీ కాదు, అచ్చుది. అయ్యగారిది మెట్ట ప్రాంతం, కామవరపుకోట. అక్కడ చేప అంటే చేప, చాప అంటే చాప. మాది కలిదిండి దాటాక కొల్లేటి వైపు పల్లె. ఇక్కడ ఈదేదీ చాపే, పరిచేదీ చాపే. పైగా ఆ మాట చెవిన పడగానే మాకు ముందు నోరూరుతుంది, తర్వాతే నడుం వాలుతుంది. మీకు తికమక లేకుండా ఇక్కణ్ణుంచి నేను చేపని చేప అనే రాస్తాను. మాట్లాడేటప్పుడు మాత్రం ఆ మర్యాద నాకూ లేదు.

అయ్యగారు అక్కడితో ఆగినా బాగుండేది. ఆయన మా ఊరొచ్చాక ఇదే మొదటి క్రిస్మస్ కదా, హుషారు మీదున్నారు. ఇంకా చెప్పారు.

"ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. ఇద్దరికి సరిపడేదైతే మంచిది. పాతది వద్దు, వాసనొస్తుంది. ముందుగానే శుభ్రంగా కడిగి, చక్కగా చుట్టి తీసుకురండి."

ఇందులో ఒక్క ముక్కయినా చేపకి అతకనిది ఉందేమో మీరే చెప్పండి! మా ఆవిడ క్యాథరిన్ అప్పుడే చర్చిలో నేను వాయించే డోలక్ మీదుగా వంగి, "ఏవండీ, అరిటాకులో చుడదామా, పేపర్లో చుడదామా?" అంది.

చర్చి వదిలేసరికి మాట చాప కింద నీరులా పాకింది. మా చాపలెప్పుడూ నీటి కిందే ఉంటాయి కాబట్టి ఇంకాస్త తొందరగా పాకింది. సువార్త కన్నా పులుసువార్త ముందు చేరింది. చెరువులున్నవాళ్ళు బొచ్చె చేపలు ఎంచుకున్నారు. చెరువు పనివాళ్ళు ఆసాములకి ముందే చెప్పిపెట్టుకున్నారు. అందరి మొహాలూ వెలిగాయి, హన్నమ్మ పిన్ని మొహం తప్ప.

హన్నమ్మ పిన్ని ఒంటరి మనిషి. రొయ్యల షెడ్డులో తలలు తీసే పని చేసేది. మోకాలు వాచి ఈమధ్య పనిలోకి వెళ్ళడం లేదు. కొల్లేటి పక్కనుండి చేపకి కరువేమిటంటారా? మా దగ్గర నీళ్ళు దేవుడివి, చేపలు లీజుదారులవి.

ఆ సాయంత్రం పిన్ని మా అరుగు మీద కూర్చుని, "రూబెనూ, ఈ ఏడు నేను చర్చికి రాలేనేమో నాయనా" అంది.

"అదేంటి పిన్నీ! నువ్వు రాకపోతే పాటలో రాగం ఎవరు తప్పుతారు?" అన్నాను.

నవ్వలేదు. నా జోకుకి పిన్ని నవ్వలేదంటే వ్యవహారం ముదిరినట్టే. లేకపోతే ఆవిడ నా జోకు అయ్యేలోపే నవ్వే మనిషి.

"చాప లేదురా" అంది నేల చూస్తూ.

క్యాథరిన్ లోపల్నుంచి పరిగెత్తుకొచ్చింది. "అంతేనా పిన్నీ! మేం రెండు చెప్పిపెట్టాం, ఒకటి నువ్వు పట్టుకుపో."

"అడుక్కొచ్చింది కానుక అవుద్దటే? ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలని అయ్యగారు అంత గట్టిగా చెప్పారు, విన్లేదా? కాపరానికి వచ్చినకాడ్నుంచీ ఒక్క క్రిస్మసూ తప్పలేదు నేను. ఒట్టి చేతుల్తో మాత్రం ఆ గుమ్మం తొక్కను."

"దేవుడు నీ చేతులు చూస్తాడా పిన్నీ?"

"దేవుడు చూడడులే. నేను చూసుకుంటాను కదా" అని మోకాలు పట్టుకుని లేచి వెళ్ళిపోయింది.

ఇస్తే తీసుకోదు. తీసుకోకపోతే రాదు. హన్నమ్మ పిన్ని లేని క్రిస్మస్ ఉప్పులేని పులుసు. క్యాథరిన్ కాసేపు ఆలోచించి, "ఇవ్వద్దండీ. పడేసి వచ్చేయండి" అంది.

పండగ ముందురోజు మధ్యాహ్నం ఆడవాళ్ళంతా చర్చిలో రంగు కాగితాలు అంటిస్తున్నారు. పండగరోజు రాకపోయినా పని ఎగ్గొట్టనని పిన్ని కూడా అక్కడే ఉంది. ఇదే సందని నేను ఒక శీలావతి చేపని డోలక్ సంచిలో పెట్టుకుని బయల్దేరాను. శీలావతిని సంచిలో దాచుకుని, ఒంటరి ఆడమనిషి ఇంట్లోకి దొడ్డిదారిన దూరడం శీలమున్నవాడు చేసే పనేనా? కానీ పండగ కదా, తప్పలేదు.

పెరట్లో అడుగు పెట్టానో లేదో, ఎదురుగా మీరావలి గారు! చెరువులకి ఐసు తోలే ఆటో ఆయనది. చేతిలో థర్మకోల్ పెట్టె ఉంది. ఇద్దరం దొంగల్లా ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నాం.

"రూబెన్ గారూ, తమరేంటండీ ఇక్కడ?"

"డోలక్ రిపేరు చేయిద్దామనండి."

"డోలక్‌కి తోకుందండీ" అన్నారు మీరావలి గారు వినయంగా.

చూసుకుంటే నిజమే. సంచిలోంచి శీలావతి తోక బయటికొచ్చి ఊళ్ళోవాళ్ళకి టాటా చెబుతోంది.

"మరి తమరి పెట్టెలో?" అన్నాను.

"ఐసండి."

"ఐసుకి మీసాలున్నాయండీ."

ఆయన నవ్వేసి మూత తీశారు. లోపల ఐసు మీద ఒక వాలుగ చేప పడుకుని ఉంది. "మా అమ్మాయి మరియంబీ పురుడికి రాత్రీ పగలూ చేసింది ఈవిడేనండి. ఏదన్నా ఇవ్వబోతే కర్ర తీసింది. ఇన్నాళ్ళకి దొరికింది మాకు ఛాన్సు" అన్నారు.

ఆయన పేరులో వలి ఉందిగానీ చేతిలో వల లేదు. ఆ వాలుగని ఎవర్ని బతిమాలి తెచ్చారో నేనడగలేదు.

నీళ్ళ గాబు పక్కనున్న ప్లాస్టిక్ తొట్టి మూత ఎత్తాం. అంతే, ఇద్దరం నోళ్ళు తెరిచాం. తొట్టి నిండా చేపలు! కొరమీను, జెల్ల, ఇంకో శీలావతి, పైన ఎవరో కడిగి, అరిటాకులో చుట్టి మరీ పెట్టిన బొచ్చె. ఊరు ఊరంతా మాకన్నా ముందే దొంగతనానికి వచ్చిపోయింది. మీరావలి గారు పెట్టెలో ఐసంతా మీద కుమ్మరించారు. మూత పడక బండరాయి పెట్టాం.

క్రిస్మస్ పొద్దున్నే పిన్ని మా తలుపు దబదబా బాదింది. "రూబెనూ! మీ చాప గానీ తప్పిపోయిందా?"

"లేదే! మాది మా ఇంట్లోనే ఉంది."

అలా గుమ్మం గుమ్మానికీ తిరిగి అడిగింది. ఎవరికి వాళ్ళు, "మాది కాదు పిన్నీ", "మాది కాదత్తా" అన్నారు. పండగపూట ఊరంతా కలిసి ఒకే అబద్ధం ఇంత శ్రుతిలో చెప్పడం నేనెప్పుడూ వినలేదు. కోయిర్లో కూడా ఇంత బాగా కుదరదు మాకు.

చివరికి పిన్ని నడివీధిలో నిలబడి ఆకాశం వైపు చూసింది. "అయితే నువ్వేనన్నమాట! ఒక్కటి చాలుగా తండ్రీ, ఇన్నెందుకు!" అని కళ్ళు తుడుచుకుని, మీరావలి గారి ఆటోలో తొట్టి ఎక్కించి, రాజ్యమేలే రాణిలా చర్చికి బయల్దేరింది.

చర్చి గుమ్మంలో అయ్యగారు తెల్లబట్టల్లో నిలబడి ఉన్నారు. మొదట నేను చుట్టింది చేతికిచ్చాను. ఆయన విప్పి చూసి ఉలిక్కిపడ్డారు.

"ఇదేంటండీ?"

"తమరడిగిన చాపండి."

"ఇది చేప కదండీ!"

"అవునండీ, చాపే."

"కాదండీ, చేప!"

"అదేనండీ, చాప!"

ఈలోపు వెనకాల జనం పోగయ్యారు. బుట్టలు, సంచులు, బకెట్లు, అందరికీ వెనక ఆటోలో తొట్టితో పిన్ని. అయ్యగారి మొహం బట్టల కన్నా తెల్లబడింది. గబగబా లోపలికెళ్ళి ఒట్టి బండల మీద మఠం వేసుకుని కూర్చుని, అరచేత్తో నేలని తడుతూ, "చాపండీ! కింద వేసుకుని కూర్చునే చాప!" అన్నారు.

పిన్ని ముందుకొచ్చింది.

"మరి వాసన రాకూడదన్నారేంటి అయ్యగారూ?"

"పాత చాప ముక్కిపోయిన వాసనొస్తుంది కదమ్మా!"

"కడగమన్నారు?"

"దుమ్ము పోవడానికమ్మా!"

"ఇద్దరికి సరిపడేదన్నారు?"

"కూర్చోడానికమ్మా, తినడానికి కాదు!"

ముందు క్యాథరిన్ పకపకమంది. తర్వాత ఎవరు నవ్వారో, ఎవరు ఏడుస్తూ నవ్వారో చెప్పడం కష్టం.

నవ్వులు తగ్గాక అయ్యగారు మెల్లగా అన్నారు. "కుర్చీలకోసం ఏలూరు, తాడేపల్లిగూడెం అంతా తిరిగానండి. పండగరోజులు, ఎక్కడా లేవన్నారు. మొన్నామధ్య ఆరాధనలో హన్నమ్మ గారు ఈ చల్లటి బండల మీంచి లేవలేక గోడ పట్టుకుని నిలబడ్డారు. అది చూశాక మనసొప్పలేదు. ఆవిడ పేరు చెబితే నొచ్చుకుంటారని అందరికీ కలిపి చాపలని చెప్పాను."

పిన్ని తన మోకాలు ఒకసారి తడుముకుంది. తర్వాత, "నా మోకాలి కోసం అడిగిన చాపకా నాకు ఇన్నాళ్ళూ నిద్ర లేంది!" అంది.

అప్పటికే జనం ఇళ్ళకి పరిగెత్తారు. కాసేపటికి ఒక్కొక్కళ్ళూ చంకలో చాపతో తిరిగొచ్చారు. ఎవరికి వాళ్ళు పిన్ని కింద తమ చాపే వేయాలని పట్టుబట్టడంతో, ఒకదానిమీద ఒకటి వేసి, చివరికి ఆవిణ్ణి పైకెక్కించడానికి స్టూలు కావాల్సొచ్చింది. ఆరాధన అయ్యాక పొలుసు తీసేవాళ్ళు పొలుసు తీశారు, పులుసు పెట్టేవాళ్ళు పులుసు పెట్టారు. పాస్టరమ్మగారు వండాలనుకున్న పప్పూ సాంబారూ పక్కకి తప్పుకున్నాయి. మీరావలి గారింటికీ గిన్నెలు వెళ్ళాయి.

వడ్డన మొదలుపెట్టే ముందు అయ్యగారు పిన్ని వైపు తిరిగి, "హన్నమ్మ గారూ, ఇక హాయిగా కాళ్ళు చాపి కూర్చోండి" అన్నారు.

చాప లాంటి మాట వినపడగానే సగం మంది లేచి నిలబడ్డారు.

పిన్ని చాపల గుట్ట మీంచి చెయ్యెత్తి, ఊరందరికీ వినపడేలా అరిచింది. "కూర్చోండెహె! చాపి అంటే చాచి అనర్రా! ఇది ఈదేదీ కాదు, పరిచేదీ కాదు, నా కాళ్ళ సంగతి!"