అమ్మ తిట్టే సీన్ రావట్లేదు

చెయ్యాల్సినవి:

ఎండ కొడుతున్న కిటికీకి అట్టముక్క అడ్డం పెట్టాలి. చల్లారిన టీ పారబోసి కప్పు కడగాలి. నిన్నటి నుంచి వచ్చిన నాలుగు వందల ఉత్తరాలు చదవాలి. ఒక్కోదాన్నీ ఒక్కో గడిలో వెయ్యాలి. నాలుగింటికి మీటింగ్‌లో అంకెలు చెప్పాలి. కళ్ళలో చుక్కల మందు వేసుకోవాలి.

మళ్ళీ చదవాలి.

గడులు మూడే. కంప్లైంట్. మెప్పు. బగ్.

మా కంపెనీది ఫోన్లో ఆడే కథల ఆట. అందులో ఉత్తరాలు పంచే ఒకతను ఉంటాడు. ఆడేవాళ్ళే అతను. ఎవరితో ఏం మాట్లాడాలో, ఎవర్ని ప్రేమించాలో వాళ్ళ ఇష్టం. పంతులమ్మని ప్రేమించొచ్చు. మందులషాపు అమ్మాయిని ప్రేమించొచ్చు. పడవలు బాగుచేసే అతన్ని ప్రేమించొచ్చు.

మాకొచ్చే ఉత్తరాలన్నీ ఆ మూడోదాని గురించే.

పడవలతన్ని ఎంచుకుంటే చివర్లో వాన పడుతుంది. ఇద్దరూ తడుస్తూ ఉత్తరాలతని అమ్మ ఇంటికి వస్తారు. తలుపు తెరుచుకుంటుంది. అమ్మ ఇద్దర్నీ చూస్తుంది —

"వానలో అలా నిలబడ్డారేంరా? ఇద్దరూ లోపలికి రండి."

అంతే. సీన్ అంతే.

'పిల్లలు ఆడే ఆటలో ఇదేం దరిద్రం.' కంప్లైంట్.

'నేనేదో పడవలతనికి స్నేహంగా వల బహుమతి ఇచ్చాను. అతను సిగ్గుపడ్డాడు. ఎందుకు సిగ్గుపడాలి? నా వల నాకు ఇప్పించండి.' కంప్లైంట్.

'ఇరవై గంటలు ఆడితే మా మొహాన కొట్టింది ఒక్క తలుపా?' ఇదీ కంప్లైంటే. గడులు మూడే కదా.

'ఏడ్చాను. థాంక్స్.' మెప్పు.

మొదట్లో కోపం వచ్చేది. తర్వాత నవ్వు వచ్చేది. ఇప్పుడు మెడనొప్పి వస్తోంది.

మధ్యాహ్నం మా అమ్మ ఫోన్.

"అసలు అక్కడ నువ్వు చేసే పనేంటే? పక్కింటామె అడిగితే చెప్పలేకపోయాను."

"తిట్లు చదువుతానమ్మా."

"ఎవర్ని తిడతారు?"

"ఆటలో బొమ్మల్ని."

"బొమ్మలేం చేశాయి పాపం?"

"ప్రేమించుకున్నాయి."

"పనీపాటా లేదూ వాళ్ళకి? సరే, తిన్నావా?"

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేను. చెప్పిన పని చెప్పినట్టు చేస్తాను. నాకు వచ్చిన విద్య అదొక్కటే... దాంతోనే ఇక్కడిదాకా వచ్చాను.

ఆ గురువారం, ఎండ గోడ మీదికి జరిగాక, ఒక ఉత్తరం.

'నమస్తే అండీ. మీ ఆటలో ఒక బగ్ ఉంది. తలుపు తీశాక అమ్మ తిట్టే సీన్ రావట్లేదు. పదకొండుసార్లు ఆడాను. జవాబులన్నీ మార్చి చూశాను. కావాలని బురద కాళ్ళతో లోపలికి వెళ్ళాను. అయినా తిట్టలేదు. నా ఫోన్ పాతది, అందుకేనేమో. నేను లేత్ మెషిన్ మీద పని చేస్తాను. ఆదివారం మా ఇంటికి వెళ్తున్నాను, మా అమ్మకి చెప్పాలి. ఆ తిట్లు ముందే ఒకసారి విని ఉంటే తట్టుకోగలను. దయచేసి సరిచెయ్యండి.'

చదివాను.

మళ్ళీ చదివాను.

గడులు మూడే.

"అక్కా, ఇది ఎందులో వెయ్యాలి?" టీమ్ లీడర్ని అందరం అక్కా అనే అంటాం.

"బగ్ అని వాడే అన్నాడుగా. బగ్‌లో వెయ్యి."

"కానీ బగ్ కాదక్కా."

"అయితే కంప్లైంట్."

"కంప్లైంటూ కాదు."

"ఏదో ఒకదాంట్లో పడెయ్యి తల్లీ, నాలుగవుతోంది."

బగ్‌లో వేశాను.

జవాబులు మాకు ముందే రాసి ఇస్తారు. వాటిలోంచే పంపాలి. ఆరేళ్ళ ఉద్యోగంలో మొదటిసారి నా మాట నేను రాశాను.

'బగ్ కాదండీ. అమ్మ తిట్టదు. అలాగే రాశాం.'

పంపాను.

నాలుగింటికి మీటింగ్. వారం మొత్తానికి కంప్లైంట్లు రెండు వేల నూట నలభై. మెప్పులు మూడు వందల ఆరు. బగ్‌లు లెక్కలోకి రావు.

మేనేజర్ నుదురు రుద్దుకున్నాడు. ఆయనా అలిసిపోయాడు. "ఎవర్నీ నొప్పించొద్దు. తలుపు ఉంచుదాం. అమ్మ మాట తీసేద్దాం."

ఆ మాట రాసినాయన బల్ల చివర కూర్చుని పెన్ను మూత పెడుతూ, తీస్తూ ఉన్నాడు. "మాట లేకపోతే ఆ తలుపు ఎందుకండీ?" అన్నాడు, మెల్లగా.

మేనేజర్ తర్వాతి కాగితం తీశాడు.

లేత్ మెషిన్ అతని ఉత్తరం నా ఫైల్లోనే ఉంది. పైకి చదివితే అర నిమిషం పట్టేది. నా పని అంకెలు చదవడం — అంకెలు చదివాను. అక్కడే ఆగిపోయాను.

శనివారం అమ్మ మాట తీసేసిన ఆట వెళ్ళింది అందరి ఫోన్లలోకి. ఆదివారం మాకు సెలవు. బట్టలు ఉతుక్కున్నాను. పడుకున్నాను.

సోమవారం తొమ్మిదిన్నరకి కుర్చీలో కూర్చున్నాను. వరసలో పైనే అతని ఉత్తరం ఉంది. ఆదివారం ఉదయం ఏడింటికి వచ్చింది.

'నమస్తే అండీ. మీరు చెప్పాక ధైర్యం వచ్చింది. బయల్దేరే ముందు ఇంకోసారి ఆడాను. తలుపు తెరుచుకోగానే తెర నల్లబడుతోంది. అమ్మ ఏమీ అనట్లేదు. ఇది బగ్గా? నా బస్సు ఎనిమిదింటికి. కాస్త తొందరగా చెప్పగలరు.'

జవాబు రాశాను. కొట్టేశాను. మళ్ళీ రాశాను. పంపాను... ఆదివారం అందాల్సిన జవాబు, సోమవారం.

తిరుగు జవాబు రాలేదు.

బస్సెక్కాడో లేదో తెలీదు. ఎక్కి, సగం దారిలో దిగిపోయాడో తెలీదు. ఆ ఇంటి తలుపు తట్టాడో... తట్టితే లోపలి నుంచి ఏ మాట వచ్చిందో —

నాకు తెలీదు.

ఇవాళ ఉత్తరాలు నాలుగు వందల ఇరవై. 'అమ్మ మాట తీసేసి మంచి పని చేశారు.' మెప్పు. 'ఆ తలుపు కూడా తీసేయండి.' కంప్లైంట్.

అతని పేరు నా దగ్గర లేదు. నేను అతన్ని ఏ అంకెలోనూ కలపలేదు. అందుకే అడుగుతున్నాను, మీ పనుల మధ్య ఎప్పుడైనా కాస్త తీరిక దొరికితే, లేత్ మెషిన్ దగ్గర పనిచేసే ఒకతన్ని — తిట్లు ముందే వినిపించమని అంత మర్యాదగా అడిగినతన్ని — ఒక్కసారి గుర్తు చేసుకోండి.