ఇద్దరూ లేవదన్న మనిషి

స్ట్రోక్ వార్డులో ఆ ఇద్దరు డాక్టర్లూ ఒకే మాట అనడం జూనియర్ డాక్టర్ ఎప్పుడూ చూడలేదు. చూసిన మొదటిరోజే ఆమెకు ప్రాణం విసిగిపోయింది.

పెద్దాయన ఆ విభాగానికి అధిపతి. మంచం పక్కన నిలబడి మొహం చూసి, ఈ మనిషి మూడు నెలల్లో నడుస్తాడో లేదో చెప్పేస్తాడు. లెక్కలాయన రోగి వైపు తలైనా ఎత్తడు. ఆ పేరు నర్సులు పెట్టింది. వయసు, బీపీ, చేతి బలం, మాట, స్కాన్ అన్నీ కంప్యూటర్లో వేసి స్కోరు తీస్తాడు. ఎవరి అంచనా నిజమవుతుందో తేల్చుకోవడానికి ఆస్పత్రి ఇద్దరికీ పోటీ పెట్టింది. ఎవరి అంచనా వాళ్లు కంప్యూటర్లో నొక్కాలి, నొక్కాక మార్చడానికి లేదు. వ్యాయామాలతో మళ్లీ నడిపించే థెరపీ వార్డులో మంచం కూడా లేస్తారన్నవాళ్లకే ఇస్తారు. ఇద్దరి మాటా వేరైతే మీటింగు పెడతారు. ఒకటే అయితే ఇక చర్చ లేదు.

ఏడో మంచం మీదున్నావిడ కుట్టుపని చేస్తుంది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. కళ్లు తెరవదు, పలకదు. పెద్దాయన లేవదన్నాడు. స్కోరూ అదే అంది. థెరపీ వార్డులో ఖాళీ అయిన ఒక్క మంచం మధ్యాహ్నానికి ఇంకొకరిదైపోతుంది.

జూనియర్‌కి మింగుడుపడనిది స్కాన్. మెదడులో మచ్చ చాలా చిన్నది. దానికి చెయ్యీ కాలూ పడిపోవచ్చు గానీ, మాటా స్పృహా కూడా పోవడమేమిటి? పెద్దాయన్ని అడిగితే, స్కాన్ మిషన్ కంటే తన కళ్లకు అనుభవం ఎక్కువన్నాడు. లెక్కలాయన్ని అడిగితే, స్కానూ కలిపే స్కోరు తీశానన్నాడు.

ఆమె మళ్లీ ఏడో మంచం దగ్గరికి వెళ్లింది. ఒక పక్క రోగి కూతురు, ఇంకో పక్క స్టూలు మీద రోగి పెద్ద తోడికోడలు. తోడికోడళ్లిద్దరిదీ ఒకటే కుట్టు కొట్టు. అందులో పడిపోతే మోసుకొచ్చింది ఈ పెద్దావిడే. క్యాజువాల్టీ నుంచి ఇక్కడిదాకా పక్క వదల్లేదు. జూనియర్ ఎంత పిలిచినా రోగి ఉలకలేదు. కాసేపటికి పెద్దావిడ టీ కోసం బయటికెళ్లింది. తలుపు మూసుకోగానే రోగి ఒక కన్ను తెరిచింది.

"పోయిందా?" అని కూతుర్ని అడిగింది.

కూతురు నోరు నొక్కుకుని ఏడ్చింది. జూనియర్ ఆ పిల్లని నడవాలోకి లాక్కెళ్లి సంగతి రాబట్టింది. ఎప్పుడో కొట్లో నలుగురి ముందు, నీ కుట్టు వంకరని పెద్దావిడ అందట. అప్పటినుంచి ఆవిడ ఉన్నచోట అమ్మ నోరు విప్పదు. దారపుండ కావాలన్నా కూతురి చేత అడిగిస్తుంది. అయినా ఇప్పుడు మాత్రం నిజంగానే మాట పడిపోయిందనుకున్నానంది ఆ పిల్ల.

జూనియర్‌కి ఒళ్లు మండిపోయింది. లెక్కలాయన వేసిన అంకెలన్నీ క్యాజువాల్టీ పరీక్షవి, అప్పుడు పెద్దావిడ పక్కనే ఉంది. పెద్దాయన వచ్చినప్పుడూ ఉంది. ఎవరికి వాళ్లే తేల్చి చెప్పారని అంతా నమ్మారు. ఇద్దరికీ దొరికింది రోగి పంతమే.

లెక్కలాయన కుర్చీలోంచి లేవలేదు. మొదటి పరీక్ష అంకెలే వెయ్యాలి, ఆ స్కోరు పద్ధతే అంత, ఒకరికి మారిస్తే రేపు అందరూ క్యూ కడతారన్నాడు.

"అంకే తప్పండి," అంది జూనియర్.

"స్కోరు తప్పు కాదుగా."

పెద్దాయన నవ్వాడు. "స్ట్రోక్ వచ్చిన మనిషి అలిగి పడుకుందంటావా అమ్మాయ్?"

బతిమాలి, వెంటపడి ఇద్దర్నీ మంచం దగ్గరికి తెచ్చేసరికి పెద్దావిడ టీ తాగొచ్చి స్టూలు మీద కూర్చునే ఉంది. రోగి కళ్లు గట్టిగా మూసుకుంది. జూనియర్ పిలిచింది. పలుకు లేదు. పెద్దాయన గడియారం చూసుకున్నాడు. లెక్కలాయన ఫోను చూసుకున్నాడు.

ఒక్క నిమిషం బయట ఉండమని జూనియర్ పెద్దావిడని అడిగింది.

"నేనెందుకు లేవాలి డాక్టరమ్మా? ఇంతదూరం మోసుకొచ్చిన దాన్ని, నన్నే పొమ్మంటారా?"

కూతురు ఆవిడ చెయ్యి పట్టుకుంది. "అమ్మకి మాట పోలేదు పెద్దమ్మా. నువ్వున్నావని."

పెద్దావిడ మంచం వైపు తిరిగింది.

"మాట పడిపోయిందని డాక్టర్లకి చెప్పింది నేనే," అంది. "ప్రాణం మీదికొచ్చినా పంతం పడుతుందని నాకెలా తెలుస్తుంది?"

చెంగుతో మొహం తుడుచుకుంటూ బయటికెళ్లింది. అప్పుడు రోగి కళ్లు తెరిచింది. జూనియర్ వయసెంతని అడిగింది.

"దానికంటే ఆరేళ్లు చిన్న," అంది రోగి. మాట కొంచెం ముద్దగా ఉంది, అంతే. ఎడమ చెయ్యి ఎత్తమంటే ఎత్తింది. పిడికిలి బిగించమంటే బిగించింది.

ఈ మనిషి లేస్తుందని తనకి లోలోపల అనిపిస్తూనే ఉందన్నాడు పెద్దాయన. సరైన అంకెలిస్తే స్కోరూ అదే చెప్పేదన్నాడు లెక్కలాయన. ఇక ఆ వాదన మొదలైంది. జూనియర్ వాళ్లనలాగే వదిలేసి థెరపీ వార్డుకి ఫోన్ చేసింది. మంచం అప్పటికే ఇచ్చేశారు. అందులోకి చేరినాయన్ని ఇప్పుడు దింపలేమన్నారు. థెరపిస్టు రోజుకోసారి ఇక్కడికే వస్తాడు, మిగతా రోజంతా వ్యాయామాలు ఇంటివాళ్లే చేయించాలి.

జూనియర్ ఫోను పెట్టేసి ఆ మాట కూతురికి చెప్పింది. పగలంతా తనకి ఉద్యోగమని కూతురు తల దించుకుంది. కొట్టు మూసుకుని ఇక్కడ ఉండగలిగేది పెద్దమ్మ ఒక్కతే.

రోగి తలుపు అద్దంలోంచి బయట నిలబడ్డ మనిషిని చూసింది. తర్వాత పడిపోయిన కుడి చేతిని చూసుకుంది.

"రమ్మను," అంది కూతురితో. "చెయ్యి పట్టుకుని ఏం చేయించాలో చేయించమను. మాట్లాడించొద్దని మాత్రం చెప్పు."