సీసం గది కిటికీలు

నా భార్య సూరీడమ్మను చంపినవాడు సింహాద్రాచారి. వాడిప్పుడు నా ఎదురుగా, సీసం కాగే పొయ్యి ముందు గొంతుక్కూర్చుని, తాను చచ్చి తొమ్మిదేళ్లయిందని తెలియనివాడిలా గరిటె తిప్పుతున్నాడు. ఇది విజయనగరంలో మేం పనిచేసిన ప్రెస్సే, కానీ దగ్గరికి వెళితే గోడలు గోడలు కావు, పేర్చిన పుస్తకాలు, వాటి సందుల్లోంచి పొగ కారుతోంది, నేల నా కాళ్ల కింద వేడిగా, మెత్తగా కదులుతోంది.

"ఏటి గవరయ్య మేస్త్రీ, అంత దూరంగా నిలబడ్డావు? నానేటి కరుస్తానా?" అని నవ్వుతాడు. చిగుళ్ల మీద నీలం గీత, సీసం విషం ఒంటికెక్కితే పడేది. సూరీడమ్మకూ ఆఖరి ఏడాది అదే గీత.

వాడు కంచు గంటలు పోతపోసే ఇంట పుట్టాడు. అక్షరం వేరుగా, వత్తు వేరుగా ఏరి పేర్చుకుంటూ మేం పుస్తకానికి మూడు నెలలు తీసుకుంటుంటే, గంటల మూసలు చూసి, రెండిటినీ కలిపి ఒకే ముక్కగా పోసే యంత్రం చేశాడు. పుస్తకం మూడు వారాల్లో వచ్చింది. ఊరు వాడికి శాలువా కప్పింది. నా భార్య ఆ యంత్రానికి సీసం కాచి కాచి, చేతులు వాలిపోయి, కడుపు పట్టుకుని చచ్చింది.

"నీ యంత్రం మింగేసింది దాన్ని" అంటాను.

"నన్నూ మింగింది కదేటి. ఒక్క మాట చెప్పు. ఈ గదికి నాను రెండు కిటికీలు పెట్టించినాను. పొగ బయటికి పోవాలని చెప్పినానా నేదా?"

"గుర్తు నేదు."

"గాలి తగిలి సీసం ముందే గడ్డకడతంది, అక్షరాలు తొర్రలు పడతన్నాయి, బడులు తెరిసేలోపు వాచకాలు అందవు అని, ఎవులో గడియలేసి మేకులు కొట్టినారు. ఎవులు మేస్త్రీ?"

జవాబు చెప్పబోతే నోటినిండా చల్లగా ఏదో అడ్డుపడుతుంది. ఉమ్మితే అరచేతిలో సీసపు అక్షరాలు, అద్దంలోలా తిరగబడి ఉన్నాయి, అయినా ముప్పై ఏళ్లు అలాగే చదివినవాణ్ని, చదవగలను. నా పేరే.

యంత్రం వెనక దగ్గు. సూరీడమ్మ అటు తిరిగి పని చేసుకుంటోంది. ఇటు తిరుగుతుందేమోనని చూపు నేలకి దించుకుంటాను.

"మావా, ఊపిరాడ్డం నేదు" అంటుంది. "ఆచారి బాబుని తరవాత తిడుదువుగాని. ముందు కిటికీ తియ్యి."

పరుగెత్తుతాను, పరుగెత్తేకొద్దీ గది సాగుతుంది, పుస్తకాలు ఒక్కొక్కటే జారి దారికి అడ్డం పడుతుంటే వాటి మీద పాకుతూ, దగ్గు వినపడకుండా పోతున్న వైపు తిరిగి చూడకుండా, ఎలాగో కిటికీ చేరి, రెండు చేతులతో గడియ పట్టుకుని ఉన్న బలమంతా పెట్టి లాగుతాను.

మెలకువ వచ్చింది. మధ్యాహ్నం. నేను మంచం మీద లేను. మా ఇంటి కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను, చేతులు గడియ మీద ఉన్నాయి. పడుకునేముందు రెక్కలు బార్లా తెరిచాను. ఇప్పుడు గడియ బిగించి ఉంది.

సూరీడమ్మను చంపింది ఆచారే. నన్నెవరూ అడగొద్దు. ఈ మాట మళ్లీ ఎత్తను.