పెద్దవల ఆట

ఉమాశంకర్ తన ప్రాజెక్టు మొదటిసారి నా ముందు ఆడించి చూపించినప్పుడు నాకు ముచ్చట వెయ్యలేదు, ఒళ్లు మండింది. అంత బాగుంది మరి.

శ్రీకాకుళంలో ఒక ఇంజినీరింగు కాలేజీలో కంప్యూటర్లు చెప్పే మాస్టారిని నేను. 2014 నాటి మాట. మా దగ్గర ఫైనలియరు కుర్రాళ్లు ప్రాజెక్టులు చేసేవారు కాదు, కొనేవారు. పొద్దున పెద్ద ఊరెళ్లి ప్రాజెక్టు పేరు చెబితే సాయంత్రానికి సీడీ, బైండు చేసిన రిపోర్టు చేతిలో పెట్టేవాళ్లున్నారు. తెలిసీ తెలియనట్టు అందరూ సంతకాలు పెట్టేస్తారు. నేను పెట్టను. మాది బజారులో కొట్టున్న కుటుంబం, తూకం వెయ్యనిదే దేన్నీ నమ్మం. నరసింగరావు మాస్టారంటే పిల్లలకు హడలు.

ఉమాశంకర్‌ది కళింగపట్నం, చేపల వేట మీద బతికే ఇల్లు. క్లాసులో చివరి బెంచీ. నోట్లోంచి మాట ఊడిపడదు. అలాంటివాడు, పుట్టినరోజుల్లో టీవీకి తగిలించుకుని నలుగురు పిల్లలు కలిసి ఆడుకునే వీడియో గేమ్ తయారు చేశానని వచ్చాడు. అందులో పది చిన్న చిన్న ఆటలు, ఒక్కోటీ నిమిషం. పీత బొరియలో దూరేలోపు పట్టుకోవాలి. ఎండబెట్టిన చేపల మీద కాకులు వాలకుండా తోలాలి. వాన పడేలోపు ఆ చేపల్ని బుట్టలకెత్తాలి. తడబడ్డామా, కాకి మన నెత్తి మీదే కూర్చుంటుంది. నవ్వు ఆపుకోలేక చచ్చాను. అందుకే అనుమానం వచ్చింది.

ఎక్కడ కొన్నావురా అని మొహం మీదే అడిగాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటాడేమోనని చూశాను. తడుముకోలేదు.

"కొనలేదు సార్. మా మేనకోడలు కోసం సేసినాను. ఆదివారం దాని పుట్టినరోజు. వొచ్చి సూడండి."

నా సంతకం లేకపోతే వాడికి వైవా లేదు, వైవా లేకపోతే డిగ్రీ లేదు. ఆ ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివాడు వాడే. అయినా నా మనసు కరగలేదు. వాళ్లింటికే వెళ్లి తీగ లాగితే డొంకంతా కదులుతుందనుకున్నాను. సరే వస్తానన్నాను.

ఆదివారం ఎండెక్కేవేళకి బస్సు దిగాను. ముందుగదిలో పాత టీవీ, దానికి తగిలించిన లాప్‌టాప్, నాలుగు జాయ్‌స్టిక్కులు, వాటి చుట్టూ పన్నెండు మంది పిల్లలు. పుట్టినరోజు పిల్ల అనూరాధకి ఏడేళ్లు. ఉమాశంకర్ తల్లి తవిటమ్మ నాకు కుర్చీ వేసి మరమరాల ఉండ చేతిలో పెట్టింది. తండ్రి గంగులు గుమ్మంలో కూర్చుని చిరిగిన వల అల్లుకుంటున్నాడు. నమస్కారం పెట్టి మళ్లీ పనిలో పడ్డాడు.

ఆట మొదలైంది. ఎలా ఆడాలో ఎవరూ ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు. పీత కనిపిస్తే పట్టుకోవాలని, కాకి కనిపిస్తే తోలాలని ఆ పిల్లలకి ఒకరు నేర్పాలా? ఓడినవాడు జాయ్‌స్టిక్కు పక్కవాడికిచ్చి, వాడి ఆట చూసి పడీపడీ నవ్వుతున్నాడు. ఇరవయ్యేళ్లుగా పాఠాలు చెబుతున్నాను, నా క్లాసులో ఒక్కడి మొహం అలా వెలగడం నేను చూడలేదు. కుళ్లుకున్నాను కూడా.

చివరి ఆట పెద్దవల. పడవ మీద వలను సముద్రంలో చుట్టు తిప్పి, రెండు తాళ్లూ ఒడ్డుకు తెస్తే రెండు జట్లు చెరొకటి లాగుతాయి. ఆ పనినే ఉమాశంకర్ పందెంగా మార్చాడు. ఏ జట్టు తాడు ముందొస్తే ఆ జట్టుదే గెలుపు. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు పిల్లలు కూర్చున్నారు. అనూరాధ వైపు తాడు గబగబా వచ్చేసింది. గెలుస్తుందనుకుంటుండగా ఆ పిల్ల ఠక్కున చెయ్యి తీసేసి, అవతలివాళ్ల కోసం ఆగింది. తాళ్లు సమానమయ్యాక ఎవరో వల లాగేటప్పటి కేక అందుకున్నారు. ఆ కేకకి నలుగురూ ఒక్కసారే మీట నొక్కడం, వదలడం. రెండు తాళ్లూ ఒకే క్షణంలో ఒడ్డు చేరాయి.

తెర బిగుసుకుపోయింది. ఎవరేం నొక్కినా కదల్లేదు. ఉమాశంకర్ మొహంలో నెత్తురు చుక్క లేదు. దొరికాడనుకుని నేను కుర్చీలోంచి లేచాను.

ఏమైందని గంగులు అడిగాడు. ఎవరో ఒకరే గెలవాలి, ఇద్దరూ కలిసొస్తే ఏం చెయ్యాలో నేను రాయలేదని వాడు నసిగాడు.

"ముందు లాగినోడు గెలవడమేటిరా? వల ఒంకరైపోతాది, సేపలన్నీ పక్కనుంచి పోతాయి. గుంటలు సరిగ్గానే ఆడినారు. తప్పు నీదే."

వాడు ఒక్క క్షణం తండ్రి వంక చూశాడు. తర్వాత లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కింద కూర్చున్నాడు. నేను వాడి భుజం మీదుగా వంగి చూశాను. వేల వరసల ప్రోగ్రాంలో వెతుక్కోకుండా తిన్నగా ఆ చోటికే వెళ్లాడు. కొన్నవాడికి ఆ చోటు తెలియడానికే వారం పడుతుంది. పందెం తీసేశాడు. ఒక తాడు మరీ ముందుకొస్తే వల ఒరిగేలా, ఒరిగినవైపు నుంచి చేపలు జారిపోయేలా రాశాడు. పిల్లలు కేకు తిని మూతులు తుడుచుకునేలోపు అయిపోయింది. పాతదానికన్నా వెయ్యి రెట్లు బాగుంది. నా చేతుల్తో నేను అలాంటిది ఎప్పుడూ రాయలేదు. ఈ మాట ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

నన్ను కూడా కూర్చోబెట్టారు. కొట్టువాడి బుద్ధి, ముందు నాదే కావాలని టకటకా నొక్కేశాను. వల ఒరిగి సగం చేపలు పోయాయి. ఆగాలి సార్ అని అనూరాధ నా చెయ్యి పట్టుకుని ఆపింది. రెండోసారి ఆగాను. వల నిండా చేపలతో ఒడ్డుకొచ్చింది. పన్నెండు మందీ నా మీద పడ్డారు.

అక్కడే కాగితం తీసి సంతకం పెట్టాను. వాడు కాళ్లకి దండం పెట్టబోతే ఆపాను. నిజానికి ఆ దండానికి నేను తగను, ఆ సంగతి నాకు తెలుసు. గుమ్మం దగ్గరికి వెళ్లి గంగులుతో ఉన్నదున్నట్టు చెప్పేశాను. మీవాడు దీన్ని కొన్నాడనుకున్నాను, దొంగని పట్టుకుందామనే వచ్చానని.

ఆయన దారం పంటితో తెంపి నా వంక చూశాడు.

"అయితే గుంట పుట్టినరోజుకి రాలేదన్నమాట."

నేను చెప్పులేసుకోబోతుంటే ఆయన వల పక్కన పెట్టి లేచాడు.

"ఎక్కడికి బాబూ, కూకోండి. మీరు సేపలు తినరని మావోడు సెప్పినాడు. మీకోసమని మా ఇంటిది పొద్దున్నే ఏరే పొయ్యి పెట్టి, కొత్త కుండలో పప్పు ఉడికించినాది."