చీమలు పంచుకోలేని లెక్క

రోజూ పొద్దున్న ఏడింటికల్లా కొండలమ్మ, బెల్లం వర్తకుడు కనకరాజు గోడౌను గుమ్మంలో పీట వేసుక్కూర్చునేది. లోపల ఎన్ని బెల్లం దిమ్మలుండాలో ఆవిడే చెప్పాలి. మా అనకాపల్లి చీమలకి పంపకం దగ్గర మహా పట్టుదల మరి! వరసలు కట్టి వస్తాయి, ప్రతి వరసకీ సమానంగా వాటా తేలితేనే బెల్లం ముడతాయి. ఒక్క వరసే అంతా మొయ్యదు, వరసకి ఒక్క దిమ్మే అంటే నామోషీ. అందుకని మా వర్తకులు ఎలా పంచినా తెగని లెక్కలోనే సరుకు నిలవ చేస్తారు. మేం దాన్ని మొండి లెక్క అంటాం. కాలేజీలో ప్రధాన సంఖ్య అంటారట, అననీండి.

ఈ ఏడు కొండలమ్మకి చూపు ఆనలేదు. పీట మనవరాలు ధనశ్రీకి ఇమ్మని అడిగింది. బీఎస్సీలో లెక్కలు చదివిన పిల్ల.

కనకరాజు నవ్వేడు. “దానికో మనిషెందుకు కొండలమ్మా? శుభానికి ఒకటి కలుపుతాం కదా, అంతే! మొన్న కొట్లో నూటొక్కటి పెట్టేను, ఒక్క చీమ రాలేదు. గోడౌన్లో పదివేల మీద ఒకటి పెట్టించేను.”

ఇంకేముంది, పీట లేనట్టే! సోమవారం నుంచి ధనశ్రీ రాంబిల్లి రొయ్యల కంపెనీకి వెళ్ళి రొయ్యలు వొలవాలి. కంపెనీ బస్సుకి పేరిచ్చేసింది కూడా. కొండలమ్మకి అన్నం సయించలేదు.

శనివారం పొద్దున్న చీమలొచ్చేయి. కనకరాజు కబురెడితే ధనశ్రీ పరిగెత్తుకొచ్చి వరసలు లెక్కెట్టింది. వెనకాలే కొండలమ్మా వచ్చింది.

“డెబ్భైమూడు వరసలు. వరసకి నూట ముప్పైయేడు దిమ్మలు. తెగిపోయింది షావుకారు గారూ మీ లెక్క!”

“ఓలమ్మో! ఇప్పుడేటి దారి?”

ధనశ్రీ సుద్దముక్కతో గచ్చు మీద పదివేల ఏడు అని రాసింది. రెండు, మూడు, అయిదు, ఏడు... అలా తొంభైయేడు దాకా ఉన్న ఇరవై అయిదు మొండి లెక్కలతోనూ భాగించింది. ప్రతిసారీ ఎంతో కొంత మిగిలిపోయింది.

“మరో ఆరు దిమ్మలు ఎయ్యండి.”

“వంద దాటిన అంకె ఏదైనా తెగ్గొడితేనో?”

“దాని జత వంద లోపలే ఉండాలి కదండీ. రెండూ వంద దాటితే, గుణిస్తే పదివేల రెండొందలు దాటిపోద్ది. వంద లోపల ఏదీ లేదని ఇప్పుడే సూసేను.”

కళాసీలు ఆరు దిమ్మలూ తెచ్చి వేసేరు. చీమలు ఆగేయి. ఏడు వరసలుగా మారి చూసేయి, నాలుగు దిమ్మలు మిగిలేయి. పదమూడుగా మారితే పది మిగిలేయి. చాలాసేపు అవస్థపడి, బుద్ధిగా వెనక్కి తిరిగి వెళ్ళిపోయేయి.

“సూసేర్రా! నా మనవరాలు!” అని కొండలమ్మ గోడౌనంతా వినబడేలా అరిచింది. ఆనందం పట్టలేక ఏడ్చేసింది కూడా. కనకరాజు భుజమ్మీది తువ్వాలుతో పీట తుడిచి ధనశ్రీ ముందు వేసేడు.

సోమవారం రొయ్యల కంపెనీ బస్సు గోడౌను ముందు ఆగి హారన్ కొట్టింది. పీట మీదున్న ధనశ్రీ తలెత్తలేదు.

“ఆపవయ్యా ఆ మోత,” అని కొండలమ్మ డ్రైవర్ని కసిరింది. “మా పిల్ల లెక్క కడతంది.”