నాలుగో చప్పుడు

లిఫ్ట్ మెకానిక్ పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని మ్యూజియానికి బయలుదేరాడు. పదకొండు నెలల క్రితం ఆకాశం నుంచి ఒక రాయి పడి అతని భార్యను చంపింది. ఆ రాయిని మ్యూజియం వాళ్లు పట్టుకెళ్లారు. ఇప్పుడు పరీక్షలన్నీ అయిపోయాయనీ, రాయిని అద్దాల పెట్టెలో పెట్టబోతున్నామనీ, వచ్చి సంతకం పెట్టమనీ కబురు చేశారు. ఇంత ముస్తాబుగా అతను తన పెళ్లికి కూడా తయారై ఉండడు.

అతనికి కావలసింది ఒకే ఒక్క మాట. ఆ రాయి ఎప్పుడో, మనుషులు పుట్టకముందే, తమ మేడ మీదికే బయలుదేరిందని చదువుకున్నవాళ్లెవరైనా చెప్పాలి. చెబితే చాలు, హాయిగా ఊపిరి పీల్చుకుంటాడు. ఎందుకంటే ఆ రోజు మేడ తలుపుకు లోపలినుంచి గడియ పెట్టింది అతనే. ఈ సంగతి అతనికి తప్ప రెండో మనిషికి తెలియదు.

జరిగింది పెద్ద గొడవేమీ కాదు. సూపర్‌వైజర్ పరీక్ష అతను మూడోసారి తప్పాడు. ఆ ముక్క భార్య ఫోన్లో చెల్లెలికి చెప్పి కిసుక్కున నవ్వింది. నవ్వితే నవ్వింది, పక్కగదిలోంచి అతను విన్నాడు. అదీ వచ్చిన చిక్కు. "ఉండవే, బట్టలు తెచ్చి మళ్లీ చేస్తా" అని ఆమె ఫోన్ బల్ల మీద పెట్టి మేడెక్కింది. అతను పిల్లిలా వెనకే మెట్లెక్కి, అలికిడి కాకుండా గడియ వేసి దిగివచ్చాడు. కాసేపు ఎండలో మాడితే ఆ నవ్వు వదులుతుందనుకున్నాడు.

ఆమె తలుపు కొట్టింది. కింద కుర్చీలో కూర్చుని మహానుభావుడు లెక్కపెట్టాడు. ఒకటి. రెండు. మూడు. కాసేపు ఆగి నాలుగోది, ఇల్లు అదిరేలా. తన్నిందనుకున్నాడు. "పొగరు ఇంకా దిగలేదు" అని గొణుక్కుని టీవీ చప్పుడు పెంచాడు. ఆ తర్వాత పైనుంచి ఏమీ వినపడలేదు. అతనికి ఇదేమీ కొత్త కాదు. లిఫ్టుల్లో ఇరుక్కున్నవాళ్లను ఇరవై ఏళ్లుగా చూస్తున్నాడు. మొదట తెగ బాదుతారు, తర్వాత చల్లబడి ఓ మూల కూర్చుంటారు. ఈవిడా చల్లబడిందనుకున్నాడు. అరగంట పోయాక గడియ తీసి చూస్తే, తలుపుకు ఆరేడు అడుగుల దూరంలో, బట్టల తీగ కింద పడి ఉంది. పక్కన దానిమ్మకాయంత నల్లరాయి.

బట్టలు తీస్తుంటే పడిందని ఊరందరికీ చెప్పాడు. తనకు తాను మాత్రం ఇంకో కథ చెప్పుకున్నాడు. నాలుగుసార్లు కొట్టి, విసిగి, తన కాళ్లతో తనే నడిచి తీగ కిందికి వెళ్లింది. గడియ వరకే తన తప్పు. తీగ కిందికి వెళ్లింది ఆమె ఇష్టం, అక్కడ పడింది రాయి ఖర్మ. ఈ కథను పదకొండు నెలలుగా నమిలి నమిలి మెత్తగా చేసుకున్నాడు. ఇప్పుడు దానికి సైన్సు ముద్ర కూడా పడితే ఇక తిరుగుండదు.

మ్యూజియం గేటు దగ్గర మరదలు ఎదురైంది. ఇల్లు అక్కచెల్లెళ్లిద్దరి పేరా ఉంది కాబట్టి, ఇంటి మీద పడిన రాయికి ఆమె సంతకం కూడా కావాలన్నారు.

"ఏంటి బావా, సెంటు కూడా కొట్టుకొచ్చావు? పెళ్లిచూపులేమైనా ఉన్నాయా?"

"నీ నోరు ఎప్పుడూ అంతే" అన్నాడతను. నవ్వాలని చూశాడు గానీ మరదలి నవ్వు వాళ్లక్క నవ్వులాగే ఉండడంతో తల తిప్పుకున్నాడు.

రాళ్లు కోసే గది నేలమాళిగలో ఉంది. వజ్రపు పొడి పూసిన రంపపు చక్రం, దాని మీదికి సన్నగా నీళ్లు పోసే గొట్టం, బూడిదరంగు బురద పేరుకున్న తొట్టి, నంబర్లు అంటించిన డబ్బాలు. రబ్బరు ఏప్రన్ కట్టుకున్న ఒక పెద్దావిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మ్యూజియంలో అందరూ ఆమెను రాళ్లావిడ అంటారు. మనవళ్ల గురించి చెప్పేవాళ్లలా రాళ్ల గురించి చెబుతుంది, ఎదుటివాళ్లకు వినాలని ఉన్నా లేకపోయినా.

"ఇలా రండి, ముట్టుకోకండి" అంటూ రాయి కోసిన ముఖం చూపించింది. నల్లటి రాతిలో అక్కడక్కడా తెల్లని చుక్కలు. "వీటి వయసు నాలుగు వందల యాభై ఆరు కోట్ల డెబ్బై లక్షల ఏళ్లు. భూమికంటే పెద్దవి. వీటికంటే ముందు గట్టిపడ్డ పదార్థం మన సూర్యుడి చుట్టూ ఏదీ లేదు."

"అప్పటినుంచీ ఉందా!" అని మెకానిక్ మరదలి వైపు చూశాడు. ఆమె రాయినే చూస్తోంది.

"మొదట అంతా గ్యాసూ దుమ్మూనే. ఆ మబ్బు తన బరువుకు తనే కుంగిపోయి, గిర్రున తిరుగుతూ మధ్యలో ముద్దకట్టింది. అదే సూర్యుడు. మిగిలింది చుట్టూ పళ్లెంలా పరుచుకుంది. మంచం కింద ఊడవకపోతే దుమ్ము ఉండలు కడుతుంది చూడండి, అలా రేణువుకు రేణువు అంటుకుని గులకరాళ్లయ్యాయి, బండలయ్యాయి, కొండలయ్యాయి. ఇక అక్కడినుంచి పెద్దది చిన్నదాన్ని మింగడమే. మింగినకొద్దీ బలుస్తుంది, బలిసినకొద్దీ ఇంకా మింగుతుంది. దయాదాక్షిణ్యాల్లేవు. మన భూమీ అలా తిని బలిసిందే. దాన్ని ఇంకో గ్రహమంత ముద్ద వచ్చి గుద్దితే, ఎగిరిన ముక్కలతో చంద్రుడు తయారయ్యాడు."

"మరి ఈ రాయి?"

"ఇది ఎవరి నోటికీ అందకుండా మిగిలిపోయిన ముక్క. అంగారకుడికీ గురుడికీ మధ్య ఇలాంటివి లక్షల్లో ఉన్నాయి. అవీ కలిసి ఓ గ్రహం కావలసినవే, పక్కన గురుడు కుదురుగా ఉండనిస్తేగా! ఒకప్పుడు ఆయన సూర్యుడి వైపు జరిగి, మళ్లీ వెనక్కి పోయాడని ఒక లెక్క. ఆ రాకపోకల్లో అక్కడి సరుకులో చాలాభాగం చెల్లాచెదురైపోయింది. మిగిలినవి ఇప్పటికీ ఒకదాన్నొకటి గుద్దుకుని ముక్కలవుతూనే ఉన్నాయి. మీ రాయి ఓ పెద్ద బండ నుంచి ఊడి కోటీ పది లక్షల ఏళ్లయింది."

మెకానిక్ గొంతు సవరించుకున్నాడు. దారి పొడుగునా మనసులో వల్లె వేసుకున్న ప్రశ్న అది. "అంటే మేడమ్, అప్పుడే రాసిపెట్టి ఉన్నట్టేగా? మా మేడ మీదే పడాలని?"

రాళ్లావిడ నవ్వేసింది. "అబ్బే! దాన్ని గురుడు ఓసారి ఇటు లాగుతాడు, ఇంకోసారి భూమి అటు లాగుతుంది. దారిలో వెంట్రుకవాసి తేడా వస్తే చాలు, లక్షల ఏళ్ల తర్వాత అది ఎక్కడుంటుందో ఎవరూ చెప్పలేరు. ఆఖరి కొన్ని గంటల్లో మాత్రం దాని దారి ఖాయం. ఆ దారిలో ఎవరు ఎందుకు నిలబడ్డారో రాయికేం తెలుసండీ, అది మీ ఇంటి సంగతి."

మెకానిక్ ముందూ వెనకా మాటలు వదిలేసి, 'ఖాయం' అన్న ఒక్క ముక్కను జేబులో వేసుకున్నాడు. దానితోనే సరిపెట్టుకోవచ్చనుకున్నాడు.

రాళ్లావిడ కార్డు తీసింది. పడిన రోజు, వేళ రాసుకుంది. "చప్పుడు ఎవరైనా విన్నారా? పైన పేలి పడితే ఒక్కోసారి రెండు మూడు వినిపిస్తాయి. అది కూడా రాయాలి మేం."

"ఎవరూ వినలేదు. నేను టీవీ చూస్తున్నా."

'ఎవరూ లేరు' అని రాసింది. "పడిన చోటు?"

"బట్టల తీగ కింద."

ఆమె కలం ఆగింది. "తీగ కిందా? కుదరదే." రాయిని అటు తిప్పింది. కాలి నల్లబడిన పెచ్చు మీద ఒక మూల వేలెడంత పచ్చగీత ఉంది. "ఇది పెయింటు. ఇదిగో, చెక్క పీచు కూడా ఇరుక్కుంది. రక్తం మరక ఈ పెయింటు పైన ఉంది గానీ కింద లేదు. అంటే ముందు చెక్కను గుద్దింది, అక్కడినుంచి పక్కకు ఎగిరి మనిషికి తగిలింది. మనిషి ఆ చెక్కకు ఆనుకుని ఉండాలి. దెబ్బ తిన్నాక తూలుకుంటూ నాలుగడుగులు వేసి పడిపోయి ఉంటుంది." రంపం గురించి చెప్పినట్టే చెప్పేసి, అప్పుడు వాళ్లెవరో గుర్తొచ్చి నాలుక కరుచుకుంది. "ఏమనుకోకండి."

గొట్టంలోంచి నీళ్లు బొట్లు బొట్లుగా తొట్టిలో పడుతున్నాయి.

"ఈ పచ్చరంగు మేడ తలుపుది" అంది మరదలు మెల్లగా. "వేసింది నేనే. డబ్బా బయటివైపుకే సరిపోయింది. లోపలివైపు తెల్లరంగు వేశాం."

"అవును, తలుపు... తెరిచే ఉందిగా మరి" అన్నాడు మెకానిక్.

"తెరిస్తే ఆ తలుపు బయటికి తిరిగి మెట్లగది గోడకు ఆనుకుంటుంది బావా. పచ్చవైపు గోడకుంటుంది. ఇంత రాయి గోడ సందులో దూరి గుద్దిందా?"

"గాలికి మూసుకుందేమో."

"మూసుకుంటే లాగి తెరుచుకుని వచ్చేది. బయట గొళ్లెం కూడా లేదు దానికి. తలుపుకు ఆనుకుని ఏం చేస్తోంది మా అక్క?"

మెకానిక్ మరదలి ప్రశ్న దగ్గర లేడు, నాలుగో చప్పుడు దగ్గర ఉన్నాడు. అది తన్ను కాదు. భార్య చావును అతను చెవులారా విన్నాడు. విని, విసుక్కుని, టీవీ చప్పుడు పెంచాడు. ఆమె తీగ కిందికి అలిగి వెళ్లలేదు, పగిలిన తలతో తూలుతూ వెళ్లింది. ఆ తర్వాత అరగంటలో ఎంతసేపు ఊపిరి ఉందో అతనికి తెలియదు, ఇక ఎప్పటికీ తెలియదు. పదకొండు నెలలు నమిలి మెత్తగా చేసుకున్న కథ గొంతులో ఎముకలా అడ్డం పడింది.

"'మళ్లీ చేస్తా' అంది అక్క." మరదలు అరవలేదు, ఏడవలేదు. "ఫోన్ చేతిలో పట్టుకుని గంట కూర్చున్నా. నీ పరీక్ష గురించే నవ్వుకున్నాం ఆ రోజు. విన్నావా?"

అతను తల వంచుకున్నాడు. అదే జవాబైంది.

మరదలు రాళ్లావిడ వైపు తిరిగింది. "నేను సంతకం పెడతానమ్మా. ముందు ఆ కార్డు సరిచేయండి. పడిన చోటు: లోపలినుంచి గడియ పెట్టిన మేడ తలుపు ముందు."

రాళ్లావిడ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. "ఇది అద్దాల పెట్టె కింద అతికిస్తాం. బడిపిల్లలు కూడా చదువుతారు."

"చదవనివ్వండి. దాని పక్కనే నాలుగు వందల కోట్ల ఏళ్లూ రాయండి, బావకు ఆ లెక్కంటే ఇష్టం" అంది. "చప్పుడు గడి కూడా కొట్టేయండి. విన్నవాడున్నాడు. లిఫ్టు కదిలితే చాలు, ఏ చక్రం అరిగిందో చప్పుడును బట్టి చెప్పేస్తాడు మా బావ. అంత చెవులు."

రాళ్లావిడ మెకానిక్ కాదంటాడేమోనని చూసింది. అతను కాదనలేదు. 'ఎవరూ లేరు' అన్నది కొట్టేసి 'ఒకరు' అని రాసింది. కార్డులో తర్వాతి గడి ఖాళీగా ఉంది. అది ఆమె ఉద్యోగం, అడగక తప్పదు.

"ఎన్ని చప్పుళ్లు విన్నారండీ?"

మెకానిక్ ఇస్త్రీ చొక్కా చెమటతో వీపుకు అతుక్కుపోయింది. రాయి మీది పచ్చగీతను చూస్తూ నిలబడ్డాడు.

"నాలుగు" అన్నాడు. "మొదటి మూడూ తనవి."