రుమాలు లేని బేరం

మినపట్టు తిరగేస్తుంటే మా ఆయన హాల్లోంచి చెప్పాడు. "పద్మా, బోర్డు రాసే కోటేష్ ఇయ్యాల ఆఫీసు కాడికి వస్తడు. నా పేరు పెద్దగా రాయించు. కింద నీ ఫోన్ నంబర్ వేయించు."

నంబర్ నాది, పేరు ఆయనది. ఆ ఆలోచనలో అట్టు మాడింది. మాడిన అట్టు మా ఇంట్లో ఎవరు తింటారో చెప్పక్కర్లేదు కదా! ఆ రోజు మాత్రం దాన్ని ఆయన ప్లేటులోనే వేశాను.

ఖమ్మంలో మేము తెరుస్తున్నది ఫ్యూచర్స్ బ్రోకర్ ఆఫీసు. రాబోయే నెలల పత్తికి ఈ రోజే ధర ఖాయం చేసుకునే బేరాలు, అన్నీ కంప్యూటర్ మీదే. పెద్ద చదువులు అడగరు గానీ లైసెన్సుకి పరీక్ష పాసవ్వాలి. తప్పు జవాబుకి మార్కులు కోస్తారు. మా ఆయన జయప్రకాశ్ రెండుసార్లు తప్పి, సిలబస్సే చెత్త అన్నాడు. నేను పిల్లల టిఫిన్ డబ్బాలు కట్టి, అత్తగారికి మందులిచ్చి, కుక్కర్ కూతల మధ్య చదివి మొదటిసారే గట్టెక్కాను. ఎంత గర్వపడ్డానో! చెప్పుకుందామంటే వినేవాళ్ళే దొరకలేదు. మార్కులు సరే, సాంబార్లో ఉప్పేదీ అన్నారు అత్తగారు. కాగితం నీదైతే ఏంది, మనిద్దరం ఒకటే కదా అన్నాడు ఆయన. ఈ పనిలో జీతం ఉండదు, బ్రోకరేజీలో వాటా వస్తుంది. అది పడే ఖాతా దగ్గరా మేమిద్దరం ఒకటేనట, ఖాతా మాత్రం ఆయనదట.

మామగారు బసవపున్నయ్య తల్లాడ నుంచి వచ్చి ఇక్కడి మార్కెట్లో కమీషన్ దుకాణం నడిపిన మనిషి. ఆయన బేరాలన్నీ రుమాలు కిందే. ఇద్దరు మగాళ్ళు గుడ్డ కింద చేతులు కలిపి, వేళ్ళు నొక్కి ధర చెప్పుకునేవారు. ఆడది పరాయి మగాడి చెయ్యి పట్టదు కాబట్టి ఆమెకి ధరే తెలియదు. పెళ్ళయిన కొత్తలో, మన చేను పత్తి ఎంతకు పోయింది మామయ్యా అని అడిగాను. "రుమాలు కింద చెయ్యి పెట్టలేనోళ్ళకు ధరతో పనేంది?" అన్నారు. ఆ మాట నేను మర్చిపోలేదు.

ఆఫీసులో తొలి బేరం మామగారిదే. బంధువులంతా చూస్తుండగా, పెద్ద కుర్చీలో కూర్చున్న కొడుకు చెయ్యి అందుకుని, భుజం మీది రుమాలు కప్పి వేళ్ళు నొక్కారు. మా ఆయన నవ్వుతూ తలూపి, కంప్యూటర్ ముందున్న నా వైపు వంగి ధర గొణిగాడు. నేను కీబోర్డు మీంచి చేతులు తీసేశాను.

"ఇక్కడ రుమాలు నడవదు మామయ్యా. లైసెన్సు నా పేరు మీదుంది. ధర నోటితో చెప్పాలె, నాకే చెప్పాలె. రికార్డవుతది."

"మావోడికి చెప్పిన గదమ్మా."

"ఆయన చెప్తే నేను వెయ్యను."

ఆ మాట అన్నందుకు నా మీద నాకే గర్వమేసింది. మా ఆయన మొహం కందగడ్డయింది. మామగారు నన్నూ, తెర మీద కదులుతున్న ధరనూ మార్చి మార్చి చూశారు. వ్యాపారం తెలిసిన మనిషి, బేరం జారిపోతుంటే పౌరుషం పక్కన పెట్టగలరు. రుమాలు దులిపి భుజాన వేసుకుని, అందరికీ వినపడేలా ధర చెప్పారు. నాకు చెప్పారు, ఇన్నేళ్ళ కాపురంలో మొదటిసారి.

ఆర్డరు వేశాను.

అప్పుడే బయట నిచ్చెన మీదున్న కోటేష్ కిటికీలోంచి తొంగిచూశాడు. "పేరేం రాయాలె సార్?"

మా ఆయన నోరు తెరిచేలోపు నేనే చెప్పాను. "పద్మప్రియ. పెద్దగా రాయి."